కానుకల పుస్తకములో తప్పిన లెక్క



ఈ నెల మీతో పంచుకొనే సంగతి నా తప్పుతోనే మొదలవుతుంది. దానిని దాచిపెట్టి మిగతాది చెప్పడము న్యాయము కాదు.

ఖమ్మం వైపునుండి భద్రాచలం వెళ్ళే దారిలో, జామాయిల్ తోటలు వెనుకబడి టేకు, ఇప్ప చెట్లు మొదలయ్యే చోట ఒక చిన్న సంఘము ఉన్నది. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. నలభై కుటుంబాలు. వేసవిలో తునికాకు కోత, చలికాలములో మిరప తోటల్లో కాయ ఏరడము, కొందరికి రెండెకరాల పత్తి. ఆ సంఘానికి కోశాధికారిగా ఒక సహోదరుడు తొమ్మిదేళ్ళు పనిచేశాడు. పదవ తరగతి చదువు. ముప్పై ఎనిమిదేళ్ళ వయసు. ఆదివారము ఆరాధన ముగిశాక కానుకల సంచి చాప మీద బోర్లించి, బిళ్ళలు దొంతరలుగా పేర్చి, నోట్లు విడిగా మడిచి, నీలి గీతల పుస్తకములో లెక్క వ్రాసేవాడు. తొమ్మిదేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాలేదు.

2019లో వానలు మొదలయ్యాక లెక్క తప్పడము ఆరంభమైంది. ఒక వారము నలభై రూపాయలు తక్కువ. మరొక వారము మూడు వందలు. ఒకే కానుక రెండుసార్లు వ్రాసి ఉన్నది. పంట పండుగ కానుకలైతే అసలు ఎక్కించనే లేదు. పెద్దలు నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, చేతివాటం మొదలైనట్టుంది" అన్నారు. నేను విచారించలేదు. పెద్దల ఎదుటనే అతని చేతిలోనుండి పుస్తకము తీసుకున్నాను. అతడు ఎదురు చెప్పలేదు. "అయ్యగారూ, అంకెలు నిలబడడం లేదు" అని మాత్రము అన్నాడు. అది సాకు అనుకున్నాను. దొరికినవాడు చెప్పే మాట అనుకున్నాను.

ఇంట్లో భార్య చూసినది

రెండు నెలల తరువాత అతని భార్య మా ఇంటికి వచ్చింది. నాతో మాట్లాడలేక వంటింట్లో మా ఇంటావిడతో చెప్పుకున్నది. "అమ్మగారూ, ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు. కొట్టుకు ఉప్పు తెమ్మని పంపితే ఉత్త చేతులతో వచ్చి, ఎందుకు పంపావని నన్నే అడుగుతున్నాడు. బిడ్డ ఏడ్చినా పట్టించుకోడు. కోపం లేదు, నవ్వు లేదు. ఊరికే కూర్చుంటాడు."

మా ప్రాంతములో ఇట్లాంటి మాట వినగానే మూడు సంగతులు గుర్తుకు వస్తాయి. మొదటిది, మలేరియా తలకెక్కిందని. అడవి పల్లెల్లో అది కట్టుకథ కాదు. ఎందరినో పోగొట్టుకున్నాము. రక్తము పరీక్ష చేయిస్తే మలేరియా లేదు. రెండవది, తాగుడు. అతడు తాగేవాడు కాదు. మూడవది, చేతబడి. ఊరిలో ఒకరిద్దరి పేర్లు కూడా వినబడ్డాయి. ఆ అనుమానము పెరిగితే ఏమి జరుగుతుందో అడవి అంచు పల్లెల్లో బ్రతికినవారికి చెప్పనక్కరలేదు.

నేను ఆ ఇంటిలో మూడు వారాలు ఉపవాస ప్రార్థనలు పెట్టాను. ప్రార్థన చేయడము తప్పని నేను ఎన్నటికీ అనను. కాని ప్రార్థిస్తున్నాము గదా అని అతనిని డాక్టరు దగ్గరికి పంపకుండా మూడు వారాలు పోగొట్టాను. అది నా తప్పు.

నవంబరులో ఒక రాత్రి అతనికి ఫిట్స్ వచ్చాయి. 108 బండిలో భద్రాచలం, అక్కడినుండి ఖమ్మం, చివరికి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి చేరాము.

తలకు తీగలు పెట్టిన రోజు

ఆ ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ వ్రాసిన పరీక్షలలో ఒకటి ఇ.ఇ.జి. మెదడు అలలను నమోదు చేసే పరీక్ష. నూనె రాయకుండా తల శుభ్రముగా కడిగి తీసుకురమ్మన్నారు. అతని భార్య వణికిపోయింది. "తలకు కరెంటు పెడతారా అయ్యగారూ?" అని అడిగింది. ఈ భయము చాలామందికి ఉన్నది గనుక కొంచెము వివరముగా చెబుతాను.

ఇ.ఇ.జి.లో తలలోకి కరెంటు పంపరు. తలలో పుట్టే కరెంటునే బయటినుండి కనిపెడతారు. కొలత ప్రకారము తల మీద గుర్తులు పెట్టి, చిన్న లోహపు బిళ్ళలను జిగురు వంటి పదార్థముతో అంటిస్తారు. సాధారణముగా ఇరవై చోట్లకు పైగా పెడతారు. ఒక్కొక్క బిళ్ళనుండి ఒక తీగ యంత్రానికి వెళుతుంది. రోగి పడుకొని కళ్ళు మూసుకుంటాడు. మధ్యలో కళ్ళు తెరవమంటారు, మళ్ళీ మూయమంటారు. కొన్ని నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు. కళ్ళ ముందు దీపము మిణుకు మిణుకుమనిపిస్తారు. అరగంటలో అయిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు. అయిన తరువాత జుట్టుకు అంటిన జిగురు కడుక్కోవడమే కష్టము.

మెదడులోని కోట్ల నరకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనేది సూక్ష్మమైన విద్యుత్తు ద్వారానే. ఆ విద్యుత్తు పుర్రెను, చర్మమును దాటి పైకి వచ్చేసరికి సుమారు 50 మైక్రోవోల్టులు ఉంటుంది. మన టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టులు. అంటే ఆ సెల్లు వోల్టేజీలో ముప్పై వేల వంతు. ఇంత చిన్న దానిని మనిషి తలనుండి మొదట నమోదు చేసినవాడు జర్మనీలోని యేనా పట్టణములో మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో నమోదు చేసి, అయిదేళ్ళు మళ్ళీ మళ్ళీ సరిచూసుకొని, 1929లో లోకానికి ప్రకటించాడు. అప్పటికీ చాలామంది నమ్మలేదు.

మెలకువగా ఉన్న పెద్దవాడు ప్రశాంతముగా కళ్ళు మూసుకుంటే తల వెనుక భాగములో సెకనుకు 8 నుండి 13 అలలు వస్తాయి. వీటిని ఆల్ఫా అలలంటారు. కళ్ళు తెరిస్తే అవి తగ్గిపోతాయి. ఇంకా వేగమైనవి బీటా. సెకనుకు 4 నుండి 8 లోపు వచ్చేవి థీటా. 4 కంటె తక్కువైనవి డెల్టా. డెల్టా గాఢనిద్రలో సహజము. థీటా కునికిపాటులో, పసిపిల్లలలో సహజము. కాని మెలకువగా ఉన్న పెద్దవాని మెదడులో ఆల్ఫా ఉండవలసిన చోట ఈ నిదానపు అలలు నిండి ఉంటే, మెదడు పని సరిగా సాగడము లేదని అర్థము.

డాక్టరమ్మ తెర మీద గీతలు చూపించి, "పాస్టర్ గారూ, లెక్కపెట్టండి" అన్నది. ఒక సెకను గడిలో ఆరు అలలు ఉన్నాయి. తొమ్మిదో పదో ఉండవలసిన చోట ఆరు. "ఈయన మేలుకొనే ఉన్నాడు. మెదడు మాత్రం సగం నిద్రలో ఉన్నట్టు నడుస్తున్నది" అన్నది.

నేను ఆ గీతలవైపు చూస్తూ నిలబడిపోయాను. అంకెలు నిలబడడం లేదని అతడు చెప్పినది అక్షరాలా నిజము.

గోదావరి గుర్తు చెప్పేది, చెప్పనిది

మెదడు అలలు నిదానించాయి సరే, ఎందుకు నిదానించాయి? దానికి ఇ.ఇ.జి. ఒక్కటే జవాబు చెప్పలేదు. ఇది బాగా అర్థము చేసుకోవాలి.

భద్రాచలములో గోదావరి నీటిమట్టము కొలిచే గుర్తులు మనకందరికీ తెలుసు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. నీరు ఎంత ఎక్కిందో ఆ గుర్తు తప్పకుండా చెబుతుంది. కాని ఆ నీరు ప్రాణహితదా, ఇంద్రావతిదా, తాలిపేరు వాగుదా అని గుర్తు చెప్పదు. దానికి పైకి వెళ్ళి చూడాలి. ఇ.ఇ.జి. కూడా అట్లాంటిదే. మెదడుకు ఎక్కిన మలేరియా, క్షయ వలన వచ్చే మెదడువాపు, లివరు చెడిపోవడము, రక్తములో చక్కెర పడిపోవడము, కొన్ని నిద్రమందులు, వీటిలో దేనివలననైనా అలలు నిదానిస్తాయి. హెచ్.ఐ.వి. వలన కూడా నిదానిస్తాయి.

కాబట్టి ఇ.ఇ.జి. తీసి హెచ్.ఐ.వి. ఉన్నదని ఎవరూ చెప్పలేరు. ఎవరైనా అట్లా చెబితే నమ్మవద్దు. హెచ్.ఐ.వి.ని తేల్చేది రక్తపరీక్ష. ప్రభుత్వ కేంద్రాలలో అది ఉచితము. పరీక్షకు ముందు, తరువాత కౌన్సిలరు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఉన్నదని చెప్పేముందు మూడు వేర్వేరు కిట్లతో సరిచూస్తారు.

అతని సమ్మతితో రక్తపరీక్ష చేశారు. హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలింది. వ్యాధిని ఎదిరించే సి.డి.4 కణాలు ఆరోగ్యవంతులలో సాధారణముగా అయిదు వందలకు పైగా ఉంటాయి. అతనికి రెండు వందలకంటె బాగా తక్కువ ఉన్నాయి. మెదడు స్కానింగు తీశారు. వెన్నునుండి నీరు తీసి క్షయ ఉన్నదేమో, క్రిప్టోకాకస్ అనే బూజు ఉన్నదేమో చూశారు. అవేమీ లేవు. అన్నీ కలిపి చూసి, వైరస్సే మెదడు పనిని దెబ్బ తీసిందని డాక్టరమ్మ నిర్ణయానికి వచ్చింది. ఇ.ఇ.జి. చేసిన మేలు రెండు. అది సోమరితనము కాదు, దొంగతనము కాదు, మెదడు జబ్బు అని మొదట చూపించింది. మందులు మొదలయ్యాక మెదడు కోలుకుంటున్నదో లేదో పోల్చి చూడడానికి ఒక మొదటి కొలత ఇచ్చింది.

వైరస్ మెదడుకు ఎట్లా చేరుతుంది?

రక్తానికీ మెదడుకూ మధ్య దేవుడు ఒక గట్టి కంచె పెట్టాడు. రక్తములోని ప్రతిదీ మెదడులోకి పోలేదు. కాని మనలను కాపాడే కొన్ని తెల్లకణాలకు ఆ కంచె దాటే అనుమతి ఉన్నది. హెచ్.ఐ.వి. ఆ కణాలలో దాగి లోపలికి పోతుంది. సోకిన కొద్ది వారాలలోనే మెదడుకు చేరగలదు. లోపల అది నరకణాలను నేరుగా పట్టుకోదు. వాటిని కనిపెట్టుకొని ఉండే కావలి కణాలలో కాపురము పెడుతుంది. ఆ కావలి కణాలు విడిచే విషపదార్థాల వలన, వాపు వలన నరకణాలు నలిగిపోతాయి. ఒక్క రోజులో జరిగేది కాదు. మందులు లేకుండా ఏళ్ళు గడిచి, శరీరబలము తగ్గినప్పుడు లక్షణాలు బయటపడతాయి.

ముఖ్యముగా మెదడు లోతు భాగాలు దెబ్బ తింటాయి. అందుకే మొదట కనిపించేది పిచ్చి కాదు, నిదానము. ఆలోచన నిదానము, నడక నిదానము, చేతివ్రేళ్ళు మొద్దుబారడము, మరపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడము. గుండీలు పెట్టుకోలేకపోవడము, బిడ్డ ఏడ్చినా కదలకపోవడము అవే. ఎవరో పగ పట్టి చేసినట్టు ఉంటుంది. ఇంట్లోవారికి మనిషి మారిపోయాడనిపిస్తుంది.

మన దేశములో ఈ వైరస్ మొదట బయటపడినది 1986లో, చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల చేసిన పరీక్షలలో. భద్రాచలము దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కిన సంవత్సరము కూడా అదే. ఆ వరద మన పెద్దలకు ఇప్పటికీ జ్ఞాపకమే. ఈ వరద వచ్చినది మాత్రము చాలాకాలము మనకు తెలియలేదు. 2021 అంచనాల ప్రకారము దేశములో సుమారు 24 లక్షలమంది హెచ్.ఐ.వి.తో జీవిస్తూ ఉండేవారు. పెద్దవారిలో అప్పటి దేశపు సగటు 0.21 శాతమైతే, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. మనకు సంబంధము లేని జబ్బు అనుకొనే వీలు లేదు.

పరిశోధకులు ఒకరినొకరు సరిచేసుకున్న తీరు

1986లోనే అమెరికా వైద్యులు ఎయిడ్స్ రోగులలో ఈ మెదడు జబ్బును వివరించి పేరు పెట్టారు. వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. లక్షణాలేమీ కనిపించకముందే మెదడు అలలలో తేడా పట్టవచ్చునా? 1990లో స్విట్జర్లాండ్ వైద్యులు, ఏ లక్షణాలూ లేని హెచ్.ఐ.వి. ఉన్న పురుషులలో కూడా ఇ.ఇ.జి. తేడాలు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. ఆ మాట వినగానే కొందరికి భయము, కొందరికి ఆశ. అయితే 1992లో, అమెరికాలోని నాలుగు నగరాలలో 1984నుండి జరుగుతున్న పెద్ద అధ్యయనమునుండి వేరే జవాబు వచ్చింది. లక్షణాలు లేనివారి ఇ.ఇ.జి.లో హెచ్.ఐ.వి. లేనివారికంటె ఎక్కువ తేడాలు లేవని వారు తేల్చారు.

ఇది వారి తగవు అనుకోవద్దు. దీనివలన మనకు దక్కిన మేలు ఉన్నది. హెచ్.ఐ.వి. సోకినంత మాత్రాన ఒకని బుద్ధి చెడిపోయిందని, పనికి పనికిరాడని ఎవరూ తీర్మానించకూడదు. మందులు వేసుకుంటూ ఆరోగ్యముగా ఉన్నవారు బడిలో పాఠము చెప్పవచ్చు, బండి నడపవచ్చు, లెక్క వ్రాయవచ్చు. వ్యాధి ముదిరి లక్షణాలు మొదలైనప్పుడు ఇ.ఇ.జి.లో నిదానపు అలలు పెరగడము, ఆల్ఫా తగ్గడము మాత్రము అనేకసార్లు కనబడింది. కంప్యూటరుతో ఒక్కొక్క రకము అల ఎంత ఉన్నదో లెక్కకట్టే పద్ధతి కూడా వచ్చింది. మరొక పద్ధతిలో చెవికి ఒకే రకము శబ్దము వినిపిస్తూ, నడుమ నడుమ వేరే శబ్దము వేస్తారు. వేరే శబ్దాన్ని మెదడు గుర్తుపట్టినప్పుడు, సెకనులో సుమారు మూడవ వంతుకు ఒక అల లేస్తుంది. మెదడు దెబ్బ తిన్నవారిలో ఆ అల ఆలస్యముగా వస్తుంది.

మన దక్షిణ భారతదేశములో ఈ విషయము మీద బెంగళూరులోని నిమ్‌హాన్స్ వైద్యులు పనిచేశారు. మన దేశములో ఎక్కువగా ఉన్నది 'సి' రకము వైరస్. అది మెదడుకు అంత హాని చేయదేమోనని కొందరు అనుకున్నారు. 2007లో నిమ్‌హాన్స్‌వారు ప్రకటించిన అధ్యయనములో, అప్పటికి మందులు మొదలుపెట్టని దక్షిణాదివారిని జ్ఞాపకశక్తి, చురుకుదనము పరీక్షించగా, సగానికి పైగా మందిలో ఎంతో కొంత లోపము కనబడింది. చాలామందిలో అది స్వల్పమే. అడిగి పరీక్షిస్తేనే తెలిసేంత స్వల్పము.

యంత్రము లేని పల్లెలో

ఇ.ఇ.జి. యంత్రము మన పల్లెల్లో లేదు. అందుకని చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. యంత్రము లేకుండా, ఏ భాషలోనైనా, కొన్ని నిమిషాలలో చేయగలిగిన ఒక చిన్న పరీక్షను వైద్యులు తయారుచేసి 2005లో ప్రకటించారు. అమెరికాలో, ఆఫ్రికాలోని ఉగాండాలో దానిని సరిచూశారు. ముందు నాలుగు మాటలు చెప్పి జ్ఞాపకము పెట్టుకొమ్మంటారు. తరువాత బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని వీలైనంత త్వరగా కలుపుతూ విడదీయమంటారు. ఆపైన పిడికిలి, అరచేయి, చేయి నిలువుగా, ఈ మూడింటిని వరుస తప్పకుండా చేయమంటారు. చివరిలో ఆ నాలుగు మాటలు అడుగుతారు. తక్కువ మార్కులు వస్తే పెద్ద పరీక్షలకు పంపుతారు.

ఇది మన ఇళ్ళలో ఆడుకొనే ఆట కాదు. నర్సో, డాక్టరో చేయాలి. మన పని కనిపెట్టడము. మనిషి ఉన్నట్టుండి నిదానించినా, లెక్కలు తప్పినా, చేతిలోని వస్తువులు జారుతున్నా, నవ్వూ కోపమూ లేకుండా పోయినా, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దిగులు జబ్బు వలన కూడా ఇట్లా ఉండవచ్చు. అదైనా వైద్యమున్న జబ్బే.

"ప్రార్థన చేశారు గదా, మందులు ఆపవచ్చునా?"

ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలోని ఎ.ఆర్.టి. కేంద్రములో అతని పేరు నమోదు చేయించాము. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇవ్వడము ఆరంభించింది. మొదట శరీరబలము బాగా తగ్గినవారికే ఇచ్చేవారు. 2017నుండి సి.డి.4 ఎంత ఉన్నా, వ్యాధి తేలిన వెంటనే ఇస్తున్నారు. 1996 తరువాత లోకములో ఈ కలయిక మందులు వచ్చాకనే, హెచ్.ఐ.వి. వలన బుద్ధి పూర్తిగా క్షీణించిపోయే స్థితి బాగా అరుదైంది. స్వల్పమైన మరపు, నిదానము మాత్రము మందులు వాడుతున్నవారిలో కొందరికి మిగులుతున్నాయి.

నాలుగు నెలలకు అతని మాటలో వేగము వచ్చింది. గుండీలు తానే పెట్టుకుంటున్నాడు. ఒకరోజు నన్ను అడిగాడు. "అయ్యగారూ, మీరు ప్రార్థన చేశారు గదా, నాకు బాగయింది గదా, ఇక మందులు ఆపవచ్చునా?" ఎవరో బోధకుడు ఊరికి వచ్చి, విశ్వాసమున్నవానికి బిళ్ళలెందుకని చెప్పి వెళ్ళాడట. నేను అన్నాను, "తమ్ముడూ, భోజనానికి ముందు ప్రార్థన చేస్తాము. చేశాక అన్నము మానేస్తామా? ఈ బిళ్ళ చేతిలో పెట్టుకొని ప్రార్థన చేద్దాము, తరువాత మింగు." ఈ మందులు మానితే వైరస్ మళ్ళీ లేస్తుంది. మందుకు లొంగని వైరస్ కూడా పుట్టవచ్చు. కాపరులైన నా తోటి సేవకులను వేడుకుంటున్నాను. స్వస్థత కూటాలలో మందులు ఆపమని మన నోట ఎన్నడూ రాకూడదు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బస్సులు ఆగిపోయాయి. ఆ నెలల్లో ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చే ఏర్పాటు జరిగింది గనుక అతనికి ఒక్క పూట కూడా తప్పలేదు.

ఎట్లా వచ్చిందని నేను అడగలేదు

భార్యకు కూడా పరీక్ష చేశారు. ఆమెకూ ఉన్నది. బిడ్డకు లేదు. ఆమె కూడా మందులు వాడుతూ బాగున్నది.

సంగతి పూర్తిగా తెలియకపోయినా ఊరికి వాసన తగిలింది. "ఎట్లా వచ్చింది? ఎవరి వలన వచ్చింది?" అని ప్రశ్నలు. కొందరు ఆమెనే అనుమానించారు. పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా అదే. దానికి ప్రభువు ఏమి జవాబిచ్చాడో మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. నేను వారిని ఎట్లా వచ్చిందని ఈ రోజు వరకు అడగలేదు.

ప్రభు రాత్రి భోజన పాత్ర విషయము వచ్చింది. ఒకే పాత్రలో త్రాగితే అంటుతుందా అని ఒక పెద్దాయన గుసగుసగా అడిగాడు. అంటదు. ఎంగిలి వలన, కరచాలనము వలన, ఒక కంచములో తినడము వలన, ఒకే చాప మీద కూర్చోవడము వలన ఈ వైరస్ రాదు. ఆ ఆదివారము అతడు త్రాగిన వెంటనే నేను త్రాగాను. దాని మీద ప్రసంగము చేయలేదు.

చట్టము కూడా తెలుసుకోండి. హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10నుండి అమలులో ఉన్నది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. ఒకరి స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. ఉద్యోగములో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటిలో వివక్ష చూపకూడదు. ప్రార్థన విన్నపాల పేరుతో వేదిక మీద ఒకరి జబ్బు చదివి వినిపించే అలవాటు మన సంఘాలలో ఉన్నది. దానిని మానుకుందాము. ఈ వ్యాసము కూడా ఆ భార్యాభర్తలు చదివి, సరేనని వ్రాసి సంతకము పెట్టిన తరువాతనే అచ్చుకు పంపాను. సందేహములున్నవారు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బు పడదు. పేరు చెప్పనక్కరలేదు.

రెండవ గీత

ఏడాది దాటాక హైదరాబాదులో మళ్ళీ ఇ.ఇ.జి. తీశారు. డాక్టరమ్మ పాతది, కొత్తది ప్రక్కప్రక్కన పెట్టింది. ఈసారి నన్ను అడగకముందే లెక్కపెట్టాను. ఒక సెకను గడిలో తొమ్మిది అలలు. అక్కడక్కడా నిదానపు అలలు ఇంకా ఉన్నాయి. "పూర్తిగా పాతమనిషి కాకపోవచ్చు. కాని చాలా దూరం వచ్చాడు" అన్నది.

అది నిజమే. ఇప్పటికీ ముఖ్యమైన సంగతులు అతడు చిన్న పుస్తకములో వ్రాసుకుంటాడు. మందు వేసుకొనే వేళకు సెల్‌ఫోను మోగేటట్టు పెట్టుకున్నాడు. గుంపులో నలుగురు ఒకేసారి మాట్లాడితే తికమక పడతాడు.

ఆ తరువాత వచ్చిన ఆదివారము, ఆరాధన ముగిశాక పెద్దల ఎదుట నిలబడి, ఆనాడు పుస్తకము లాక్కున్నందుకు అతనిని క్షమాపణ అడిగాను. జబ్బు పేరు చెప్పలేదు. "ఇతడు దొంగ కాదు. ఇతనికి జబ్బు చేసింది. నేను చూడలేదు" అని మాత్రము చెప్పాను. చేతివాటమన్న పెద్దాయన లేచి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళి అతని ప్రక్కన కూర్చున్నాడు.

పుస్తకము తిరిగి ఇస్తే అతడు వెంటనే తీసుకోలేదు. "ఒక్కడినే వద్దు అయ్యగారూ. ముగ్గురం లెక్కపెడదాం" అన్నాడు. అప్పటినుండి మా సంఘములో కానుకలు ముగ్గురు లెక్కిస్తారు. బిళ్ళలు దొంతరలు పేర్చేది అతడే. ఇద్దరు సరిచూస్తారు. కొంచెము ఆలస్యమవుతుంది. ఆ కాసేపు మేమందరము చాప చుట్టూ కూర్చొని ఎదురుచూస్తాము.

– ఒక సంఘ కాపరి